అన్నీ ఓపెన్ సోర్సే, అయినా అన్నీ ఒక మూటలో ఇమడవు

ఒరేయ్ చిన్నా,

నీ వీడియో ప్రోగ్రాంలో కలిపిన ఇతరుల కోడ్ గురించి "అన్నీ ఓపెన్ సోర్సే కదా బాబాయ్, కలిపేస్తే ఎవరేమంటారు" అని రాశావు. అక్కడే అందరూ పడతారు, నేనూ పడ్డాను కాబట్టి తిట్టను. రాసినవాళ్లు సోర్స్ కోడ్ అందరికీ తెరిచిపెట్టారు కాబట్టి విడివిడిగా చూస్తే నీ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వాడుకోదగ్గవే. కానీ వాటిని ఒకే ప్రోగ్రాంగా కట్టి జనానికి ఇచ్చేటప్పుడు అన్ని లైసెన్సుల షరతులూ ఒకేసారి పాటించగలవా అన్నది వేరే ప్రశ్న. రెండు షరతులు ఎదురెదురుగా నిలబడితే ఆ ఇన్‌స్టాలర్ పంచే హక్కే నీకు ఉండదు. నీ మెషీన్ మీద నువ్వు ఎలా కలుపుకున్నా జీపీఎల్ (కలిపిన ప్రోగ్రాం మొత్తం సోర్స్‌తో సహా తన షరతుల కిందే పంచమనే లైసెన్స్) ఏమీ అనదు, పంచినప్పుడే పేచీ.

ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, అదే వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే టూల్ సంగతి. అది ఎల్‌జీపీఎల్ (విడిగా లింక్ చేస్తే నీ కోడ్ జోలికి రాని మెత్తటి జీపీఎల్) అని చదివానన్నావు. మామూలుగా బిల్డ్ చేస్తే, అంటే సోర్స్ నుంచి నడిచే ఫైలు (బైనరీ) తయారుచేస్తే, అంతే. కానీ నువ్వు ఎవరో బిల్డ్ చేసి పెట్టింది దింపుకున్నావు కదా, టెర్మినల్‌లో దాని వెర్షన్ అడిగి చూడు, 'కాన్ఫిగరేషన్' అని ఒక పొడవాటి లైను వస్తుంది. అందులో 'ఎనేబుల్-జీపీఎల్', దాని పక్కనే ఎక్స్264 అనే వీడియో ఎన్‌కోడర్ పేరు కనిపిస్తే ఆ బైనరీ ఇక ఎల్‌జీపీఎల్ కాదు, మొత్తం జీపీఎలే. 'ఎనేబుల్-నాన్‌ఫ్రీ' అని ఉంటే మరీ దారుణం, దాన్ని ఎవరికీ ఇవ్వడానికే లేదు. హోమ్ పేజీ మీద ఏం రాశారన్నది కాదురా, నీ చేతిలో ఉన్న ఫైలుని ఏ ఆప్షన్లతో బిల్డ్ చేశారో అది చూడాలి.

ఇప్పుడు అసలు ముడి. నీ ఆడియో లైబ్రరీ (ప్రోగ్రాంలో కలుపుకునే రెడీమేడ్ కోడ్) లైసెన్స్ అపాచీ 2.0, అంటే 2004 నాటిది. ఆ కోడ్ మీద పేటెంట్ దావా వేసినవాడికి అందులో వచ్చిన పేటెంట్ హక్కులు పోతాయని దాంట్లో ఒక షరతు ఉంది. 1991 నాటి జీపీఎల్ వెర్షన్ 2 ఏమో, నేను పెట్టినవి కాక ఇంకే షరతూ పైన పెట్టొద్దంటుంది. కాబట్టి ఆ రెండింటికీ పొసగదు. 2007లో వచ్చిన వెర్షన్ 3 ఇలాంటి షరతులకు చోటిచ్చింది, అందుకే అపాచీ కోడ్ వెర్షన్ 3 ప్రాజెక్టులోకి రావచ్చు. అటు నుంచి ఇటు మాత్రమే సుమా, జీపీఎల్ కోడ్ తీసుకెళ్లి అపాచీ ప్రాజెక్టులో పెట్టి అది అపాచీయే అనడం కుదరదు.

ఎక్స్264 లైసెన్స్‌లో 'వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది' అని ఉంది కాబట్టి నువ్వు 3 ఎంచుకోవచ్చు, గొడవ లేదు. కానీ నువ్వు ఎక్కడి నుంచో తెచ్చి కలిపిన ఆ సబ్‌టైటిల్ ఫిల్టర్ సోర్స్ తెరిచి పైనున్న కామెంట్ చదివాను. 'వెర్షన్ 2 మాత్రమే'. ఆ 'మాత్రమే' అన్న ఒక్క మాటతో నీ ఆడియో లైబ్రరీకీ దానికీ మధ్య గోడ లేచింది. రాసినవాడికి మర్యాదగా మెయిల్ పెట్టి 'ఆ తర్వాతిది' అని చేర్చమని అడుగు. వేరేవాళ్లు కూడా అందులో కోడ్ రాసి ఉంటే వాళ్లందరూ ఒప్పుకోవాలి, అది ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. నన్నడిగితే ఆ నాలుగు వందల లైన్లూ నువ్వే తిరిగి రాసుకో, అది చూసి కాపీ కొట్టకుండా.

నీ సొంత కోడ్ ఎంఐటీ, అంటే కాపీరైట్ లైన్లూ లైసెన్సూ ఉంచితే చాలనే లైసెన్స్ కిందే ఉంచుకో, దాన్ని ఎవరూ లాక్కోరు. కానీ అన్నీ కలిపిన ప్రోగ్రాం మాత్రం జీపీఎల్ 3 కింద, సోర్స్‌తో సహా వెళ్లాలి. అది ఇష్టం లేకపోతే ఎక్స్264 లేని ఎల్‌జీపీఎల్ బిల్డ్ తీసుకుని, విడి డీఎల్‌ఎల్‌గా (నడిచేటప్పుడు ప్రోగ్రాంకి తగులుకునే లైబ్రరీ ఫైలు) లింక్ చెయ్. లేదా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని వేరే ప్రోగ్రాంగా కమాండ్‌తో నడిపించు, అలా నడిపితే సాధారణంగా రెండూ వేర్వేరు ప్రోగ్రాములుగానే లెక్క. అప్పుడు కూడా ఆ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సోర్స్ ఇచ్చే బాధ్యత నీదే, వాళ్ల సైట్ లింక్ ఒకటి పడేసి చేతులు దులుపుకోకు.

నేను పడ్డానన్నాను కదా, అది ఒక చిన్న కంపెనీలో ఉండగా. సోర్స్ ఇవ్వకుండా మేం అమ్మే క్లోజ్డ్ టూల్‌లో పైబాణం నొక్కితే పాత కమాండ్ రావాలని రీడ్‌లైన్ అనే లైబ్రరీ లింక్ చేశాను. అది లైబ్రరీ అయినా ఎల్‌జీపీఎల్ కాదు, పూర్తి జీపీఎల్. కస్టమర్ వైపు లాయర్ మేం వాడిన లైబ్రరీల లిస్టు అడిగిన రోజున నాకు చెమటలు పట్టాయి. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని ఎంఐటీ లాంటిదే అయిన బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న లిబ్‌ఎడిట్‌కి మార్చాం. ఒక్క బాణం కోసం!

కోడ్ కాని ఫైళ్లు కూడా చూసుకో. 2021 మార్చిలో మైమ్‌మ్యాజిక్ అనే చిన్న రూబీ లైబ్రరీ ఎంఐటీ అని చెప్పుకుంటూ లోపల జీపీఎల్ ఎక్స్‌ఎంఎల్ డేటా ఫైలు ఒకటి మోస్తోందని బయటపడింది. పాత వెర్షన్లు వెనక్కి తీసేసరికి రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే రైల్స్ వాడేవాళ్ల బిల్డులు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. నువ్వు పెట్టిన మండలి, రామభద్ర ఫాంట్లు ఓఎఫ్ఎల్ అనే ఫాంట్ల లైసెన్స్ కింద ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌తో పాటు హాయిగా ఇవ్వొచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు అంతే. గుణింతాల సైజు సరిచేశానన్నావు, అందుకని లైసెన్స్ ఫైల్లో 'రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్' అని ఉందేమో చూడు, ఉంటే మార్చినదానికి ఆ పేరు వాడకూడదు. ఫాంట్లను తెర మీద గీసే ఫ్రీటైప్ లైబ్రరీకి రెండు లైసెన్సులున్నాయి, నువ్వు వాళ్ల సొంతది ఎంచుకుని డాక్యుమెంటేషన్‌లో వాళ్ల పేరు రాయి. మిగతా ఎంఐటీ, బీఎస్‌డీ వాటికి టెన్షన్ వద్దు, కాపీరైట్ లైన్లు చెరపకుండా లైసెన్సులతో పాటు ఒక ఫోల్డర్‌లో పెట్టు. అపాచీ లైబ్రరీతో వచ్చిన నోటీస్ ఫైలు కూడా అందులోనే.

ఆ కాన్ఫిగరేషన్ లైను కాపీ చేసి నాకు పంపు, స్క్రీన్‌షాట్ వద్దు, నా కళ్లకు ఆనడం లేదు. అది చూసేదాకా రిలీజ్ బటన్ నొక్కకు.

మీ బాబాయి