కాలువ ఒడ్డు శిల్పాల మీద రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. స్కాట్లండ్‌లో ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ పక్కన ఉన్న కెల్పీలు అనే గుర్రం తలల శిల్పాల మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది, దాని గురించి బెంగ లేదు. నా పేచీ అంతా నీ మొదటి పేరాతోనే. 30 మీటర్ల ఎత్తు, ఒక్కో తల 300 టన్నులు, శిల్పి ఆండీ స్కాట్, 2013లో పూర్తి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశావు. అన్నీ నిజాలే. కానీ ఆ శిల్పాలున్న ఫాల్కర్క్‌కి టూరిస్టుల్ని తీసుకెళ్లే గైడు కూడా ఇవే చెబుతాడు కదా!

అవి గుర్రం తలలే ఎందుకయ్యాయి? అక్కడ మొదలుపెట్టు. స్కాట్లండ్ జానపద కథల్లో కెల్పీ అంటే నీళ్లలో ఉండి మనుషుల్ని ముంచే గుర్రపు దయ్యం. పేరు అక్కడిది. స్కాట్ ఎదురుగా పెట్టుకున్నవి మాత్రం డ్యూక్, బారన్ అనే రెండు క్లైడ్స్‌డేల్ గుర్రాలు, బరువులు లాగే జాతివి. రోడ్డు మీద బండికి కడితే రెండు టన్నులకే ఆపసోపాలు పడే గుర్రం, నీటి మీద పడవకి కడితే గట్టు మీద నడుస్తూ 30 టన్నులు లాక్కెళ్లేది. కాలువల మీద డబ్బు పెట్టినవాళ్ల లెక్కంతా ఈ తేడాలోనే ఉంది. 1768లో మొదలై 1790లో పూర్తయిన 56 కిలోమీటర్ల ఫోర్త్ అండ్ క్లైడ్ తవ్వకానికి అర్థం అదే. ఇది చెప్పాక 300 టన్నులు అను, అప్పుడు ఆ అంకెకి బరువొస్తుంది.

పాత కాలువల వంతెనల మూలలు దగ్గరగా చూడు. పడవని లాగే తాడు ఏళ్ల తరబడి ఒరుసుకుని రాతిలో లోతుగా గాట్లు పడ్డాయి. రాయి అరక్కుండా ఇనప పట్టీలు బిగిస్తే వాటిలోనూ పడ్డాయి. తడిసిన తాడుకి ఇసుక అంటుకుంటే అది ఆకురాయిలా పనిచేస్తుంది మరి. ఏ కమిటీ మంజూరు చెయ్యకుండా తయారైన శిల్పం అది. నీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువలోనే 1803లో ఓ తమాషా జరిగింది. విలియం సిమింగ్టన్ తయారుచేసిన షార్లెట్ డండస్ అనే ఆవిరి పడవ, ఒక్కోటి 70 టన్నుల పడవలు రెండింటిని గ్లాస్గో వైపు ఎదురుగాలిలో లాక్కెళ్లింది. ఇక గుర్రాల పని అయిపోయిందనే అనుకోవాలి. కానీ అలల తాకిడికి గట్లు కోసుకుపోతాయని భయపడి ఆ పడవని పక్కన పెట్టేశారు. గట్టు తెగుతుందన్న భయం పుణ్యమా అని ఇంకొన్నాళ్లు ఉద్యోగం నిలబెట్టుకున్న జీవాలవి! కెల్పీలని ఇలా చూస్తే నీ వ్యాసంలో ఆ గంభీరం కొంచెం తగ్గుతుంది. తగ్గనీ.

'ప్రజల భాగస్వామ్యంతో' అని పదే పదే రాశావు. అది గ్రాంటు దరఖాస్తుల భాష. ఎవర్ని అడిగారు, ఎవరి మాట చెల్లింది, అది కావాలి నాకు. బ్రిటన్‌లో సస్ట్రాన్స్ అనే సంస్థ సైకిల్, నడక దారుల పక్కన బెంచీలు వేయించి, దగ్గర్లో ఉక్కు రేకులో కోసిన నిలువెత్తు మనుషుల్ని నిలబెట్టించింది. ఆ మనుషులు ఎవరన్నది ఆయా ఊళ్లవాళ్లే ఎంచుకున్నారు. అలాంటి చోట ఎంపికైన పేర్లకన్నా జారిపోయిన పేర్లు ఎక్కువ కథ చెబుతాయి. వెతుకు.

ఎవరు జారిపోతారో నాకో అనుమానం ఉంది. ఇంగ్లండ్‌లో పెన్నైన్ కొండల కింద 1811లో తెరిచిన స్టాండెడ్జ్ కాలువ సొరంగం 5 కిలోమీటర్ల పైమాటే. లోపల గుర్రం నడిచే దారి లేదు. దాన్ని కొండ మీదుగా తోలుకెళ్లేవాళ్లు. లోపల చీకట్లో మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడల్ని కాళ్లతో తన్నుకుంటూ గంటల తరబడి పడవని నడిపేవాళ్లు. నిలబడ్డవాడికి పీఠం కట్టడం తేలిక. వెల్లకిలా పడుకుని తన్నేవాడికి? రెండు మీటర్ల వెడల్పు పడవలో, అగ్గిపెట్టెంత గదిలో పిల్లల్ని సాకుతూ చుక్కాని పట్టిన ఆడవాళ్లకి?

ఇంకోచోట మొహమాటపడ్డావు. ఫాల్కర్క్ ఇనుము గురించి మురిసిపోయావు, బాగుంది. 1759లో అక్కడే మొదలైన కారన్ ఇనప కర్మాగారం పేరు మోసింది కారనేడ్ అనే పొట్టి ఫిరంగితో. యుద్ధ నౌకల మీద అవి పేలాయి. శిల్పం దగ్గర పండగ వాతావరణం ఉంటుంది కాబట్టి అక్కడి పలక మీద ఈ మాట లేకపోయినా సరే. వ్యాసంలో ఉండాలి.

పోతే, ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువని 1963 జనవరి 1న మూసేశారు, 2001లో మళ్లీ తెరిచారు. నీ వ్యాసం గుర్రాల కాలం నుంచి ఒక్క గెంతులో శిల్పాల దగ్గరికి దూకింది. మధ్యలో ఆ 38 ఏళ్లు ఏమయ్యాయి? పని నడుస్తున్నంతకాలం దానికి విగ్రహం కట్టాలని ఎవరికీ తోచదు. ఆ ఖాళీని రాయడమే కష్టం, నీ వ్యాసానికి అసలు వెన్నెముక అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

కెల్పీల కొలతలు తీసెయ్యమనడం లేదు, వెనక్కి జరుపు. పదాల లిమిట్ గురించి టెన్షన్ పడకు. ముందు పూర్తిగా రాసి పంపు, కోతలు తర్వాత ఇద్దరం కూర్చుని చూసుకుందాం.