ఆర్టికల్‌షిప్‌కి వెళ్తున్న అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు. ఎరువుల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, ఒంగోలులో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణలో, చేరబోతోంది. ల్యాప్‌టాప్ కావాలంటోంది. షాపులో గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ మోడల్ చూపించి 82 వేలు చెప్పారు, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదన్నారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు మ్యాక్‌బుక్ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. అమ్మాయేమో తేలిగ్గా ఉంటే చాలంటోంది. నా దగ్గర 60 వేలు ఉన్నాయి, అంతకు మించితే ఈఎంఐ పెట్టాలి. కొట్టు పేరు మీద బిల్లు తీసుకుంటే కట్టిన పన్ను జీఎస్టీ ఇన్‌పుట్‌గా వెనక్కి వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఇంటర్ రెండు గ్రూపులూ దాటడం చిన్న విషయం కాదు. ఎంతో కష్టపడే పిల్లలు కూడా అక్కడ ఏళ్ల తరబడి ఆగిపోతుంటారు. ఇక ల్యాప్‌టాప్ సంగతికొస్తే, మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో మీ అమ్మాయి చెప్పిందే సరైన మాట. ఆమె చేయబోయే పనేంటో చూస్తే అది మీకే తెలుస్తుంది.

2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ రెండేళ్లు. ఈ రెండేళ్లూ ఆఫీసులో కూర్చుని చేసే పని ఎంతుంటుందో, క్లయింట్ల దగ్గరికి వెళ్లి చేసే పని కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఒంగోలు ఆడిటర్ దగ్గరంటే ఒకరోజు చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో స్టాకు లెక్క చూడాల్సి రావచ్చు, మరో రోజు కొత్తపట్నం వైపు రొయ్యల వ్యాపారి ఖాతాలు, ఇంకో రోజు మీ ఊళ్లోనే పొగాకు వ్యాపారి పుస్తకాలు. రోజూ టంగుటూరు నుంచి బస్సులో వెళ్లి రావడం దీనికి అదనం. భుజాన వేసుకునే బ్యాగులో ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జర్, ఫైళ్లు, క్యారేజీ, నీళ్ల సీసా ఉంటాయి. పైగా పరీక్షల ముందు ఆ బ్యాగులోకి ఫైనల్ పుస్తకం ఒకటైనా చేరుతుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు సాధారణంగా రెండుంపావు కిలోల పైమాటే. దాని ఛార్జర్ ఇటుకంత ఉంటుంది, అదొక్కటే అర కిలో దాటుతుంది. రెండూ కలిపితే మూడు కిలోల దగ్గరికొస్తాయి. అదే 14 అంగుళాల ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కిలో మూడు వందల నుంచి కిలోన్నర మధ్య ఉంటుంది. 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ కలిపినా రెండు కిలోలు దాటదు. మీరు అదనంగా పెట్టే 22 వేలు వెళ్లేది గ్రాఫిక్స్ కార్డుకి. ఖాతాలు రాసే ట్యాలీకి గానీ, ఎక్సెల్‌కి గానీ, జీఎస్టీ పోర్టల్‌కి గానీ దానితో పనే లేదు. పైగా గేమింగ్ మోడళ్లలో ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది, క్లయింటు గదిలో ప్లగ్గు పాయింటు ఎక్కడుందా అని మొదట వెతుక్కోవాలి. దాని పెద్ద ఫ్యాన్లు గాలిని గట్టిగా లోపలికి లాగుతాయి. గ్రానైట్ కోసే చోట ఆ గాలితో పాటు ఏమొస్తుందో మన జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దుమ్ము పేరుకుంటే మిషన్ వేడెక్కుతుంది, వేడెక్కితే నెమ్మదిస్తుంది. షాపతను చూపించింది మంచి మిషనే కావచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకో, ఇంజనీరింగ్ డ్రాయింగులు వేసే పిల్లలకో అది పనికొస్తుంది.

మ్యాక్‌బుక్ విషయంలో మీ మేనల్లుడు తన అనుభవం చెప్పాడు, అందులో తప్పేమీ లేదు. అది తేలిక, బ్యాటరీ బాగా వస్తుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. కానీ మీ అమ్మాయి పని వేరు. ట్యాలీప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో నేరుగా ఇన్‌స్టాల్ కాదు. మ్యాక్‌లో ఎక్సెల్ ఉంటుంది గానీ, పెద్ద పెద్ద పట్టికల్ని కలిపి విశ్లేషించే పవర్ పివట్ ఉండదు, ఆల్ట్ నొక్కి చేసే షార్ట్‌కట్లు విండోస్‌లో పనిచేసినట్టు పనిచేయవు. ఆడిట్ ఆఫీసులో వేగమంతా ఆ షార్ట్‌కట్లలోనే ఉంటుంది. సీనియర్లంతా విండోస్ మీద పని నేర్పుతుంటే ఈమె ఒక్కతే వేరే దారి వెతుక్కోవాలి. కొత్తగా చేరిన పిల్లకి ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకో జాగ్రత్త. ఈమధ్య స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. బ్యాటరీ చాలాసేపు వస్తుందని షాపులో గట్టిగా చెప్తారు, అది నిజమే. కానీ ఇంటెల్, ఏఎండీ మిషన్ల కోసం రాసిన డ్రైవర్లు, అంటే బయటి పరికరాల్ని మిషన్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లు, వాటిలో పనిచేయవు. ఆడిటర్ల పనిలో రిటర్నుల మీద సంతకానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పెన్‌డ్రైవ్‌లా ఉండేది, రోజూ వాడతారు. దానికి డ్రైవర్ కావాలి. కాబట్టి ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్‌తోనే ఉండండి.

ఆ టోకెన్ గుచ్చడానికి మామూలు పెద్ద యూఎస్‌బీ పోర్టు ఉండాలి. మరీ సన్నటి మోడళ్లలో కొన్నిటికి టైప్-సీ మాత్రమే ఉంటుంది. అప్పుడు ప్రతిసారీ అడాప్టర్ వెతుక్కోవాలి, ఇంట్లో మర్చిపోతే ఆ రోజు పని ఆగుతుంది. పెద్ద యూఎస్‌బీలు రెండు, టైప్-సీ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి ఉంటే సరిపోతుంది.

ప్రాసెసర్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఇంటెల్ ఐ5 గానీ, ఏఎండీ రైజన్ 5 గానీ, ఇటీవలి తరానిది అయితే చాలు. రైజన్‌లో 7000 సిరీస్ చూపిస్తే మాత్రం మూడో అంకె చూడండి. 7520లో ఆ అంకె 2, అంటే 2022లో కొత్త నంబరుతో వచ్చినా లోపలున్నది 2019 నాటి డిజైన్. 7530లో 3 ఉంటుంది, అది మెరుగు. ర్యామ్ 16 జీబీ ఉండాలి, దీనిలో రాజీ పడొద్దు. 8 జీబీతో తక్కువకి ఇస్తాం, తర్వాత పెంచుకోవచ్చు అంటే, ర్యామ్ స్లాట్ ఉందా లేక బోర్డుకే అతికించారా అని అడగండి. అతికించి ఉంటే పెంచడం కుదరదు. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు.

షాపుల్లో ఎవరూ చెప్పని విషయం కీబోర్డు. మీ అమ్మాయి రోజంతా కొట్టేవి అంకెలే. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కుడివైపు అంకెల కీలు విడిగా ఉంటాయి, 14 అంగుళాల వాటిలో సాధారణంగా ఉండవు. అయినా నేను 14 అంగుళాలే తీసుకోమంటాను. విడిగా అమ్మే చిన్న యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ఆఫీసులో పెట్టుకుని వాడుకోవచ్చు. బరువును మాత్రం తర్వాత తగ్గించుకోలేం. కొనే రోజు అమ్మాయిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. షాపులో ఎక్సెల్ తెరిచి ఒక పేజీ అంకెలు కొట్టి చూడమనండి. కీలు మెత్తగా కుంగిపోతున్నాయా, వేళ్లకి తెలిసేలా ఆడుతున్నాయా అనేది ఆమెకే తెలుస్తుంది. పక్కన నిలబడి తొందరపెట్టకండి.

తెర విషయానికొస్తే పక్క నుంచి చూసినా స్పష్టంగా కనిపించే ఐపీఎస్ ప్యానెల్, మెరుపు లేని మ్యాట్ తెర, 300 నిట్స్ వెలుతురు ఉండాలి. ఫ్యాక్టరీ షెడ్లలో, చెరువు గట్టు మీద ఎండ వెలుతురులో పనిచేసేటప్పుడు 250 నిట్స్ తెర మసకగా కనపడుతుంది. 1920 బై 1200 తెర దొరికితే ఇంకా మంచిది. కాస్త ఎత్తు ఎక్కువ కాబట్టి ఎక్సెల్‌లో ఇంకొన్ని వరుసలు కనిపిస్తాయి. బ్యాటరీని గంటల్లో చెప్తే నమ్మొద్దు, దానిలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే వాట్ అవర్ ఎంతో అడగండి. ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్ నడుస్తుంటే గంటకి 8 నుంచి 10 వాట్ అవర్లు ఖర్చవుతాయనుకోండి. 50 వాట్ అవర్ బ్యాటరీ ఐదారు గంటలు వస్తుంది. అందుకే 50కి తగ్గకుండా చూడండి.

కంపెనీలు ఆఫీసు వాడకానికి వేరే సిరీస్‌లు అమ్ముతాయి. లెనోవోలో థింక్‌ప్యాడ్, హెచ్‌పీలో ప్రోబుక్, ఆసుస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్, డెల్‌లో ఇదివరకు లాటిట్యూడ్ అని పిలిచి 2025 నుంచి డెల్ ప్రో అంటున్న రకం. చూడ్డానికి సాదాగా ఉంటాయి కానీ కీబోర్డు, మడత దగ్గర కీళ్లు గట్టిగా ఉంటాయి. వీటిలో మొదటి మెట్టు మోడళ్లు ఆఫర్ల సమయంలో మీ బడ్జెట్ దగ్గరికి వస్తుంటాయి. రాకపోతే పైన చెప్పిన లక్షణాలున్న మామూలు 14 అంగుళాలది తీసుకోండి, దిగులేమీ లేదు. ఈఎంఐ మాత్రం వద్దు. చేరిన మొదటి ఏడాది వచ్చే స్టైపెండ్ పుస్తకాలకి, చిన్నచిన్న ఖర్చులకి పోతుంది. ఆ నెలవారీ కిస్తీ మీ మీదే పడుతుంది. 60 వేలతో ఈ పని శుభ్రంగా అవుతుంది.

కొట్టు పేరు మీద బిల్లు గురించి అడిగారు. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, కాబట్టి మీకా ఆలోచన రావడం సహజమే. కానీ మీ వ్యాపారంలో వాడే వస్తువుకే ఇన్‌పుట్ వస్తుంది. అమ్మాయి చదువుకి, శిక్షణకి వాడేదానికి తీసుకోకూడదు. రేపు ఎవరి పుస్తకాల్లోనైనా ఇలాంటి బిల్లు కనిపిస్తే ఇది తప్పు అని చెప్పాల్సిన పని నేర్చుకోవడానికే మీ అమ్మాయి వెళ్తోంది. ఆమె సొంత ల్యాప్‌టాప్ బిల్లు ఆమె పేరు మీదే ఉండనివ్వండి.

డబ్బు కట్టే ముందు అమ్మాయి చేత ఆడిటర్ గారిని ఒకసారి అడిగించండి. కొన్ని ఆఫీసుల్లో మిషన్ వాళ్లే ఇస్తారు, కొన్నిచోట్ల క్లయింట్ల డేటా సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకోనివ్వరు. సొంతది తెచ్చుకోమంటే, విండోస్ హోమ్ చాలా లేక ప్రో కావాలా అని కూడా అడగమనండి. డిస్కులోని డేటాని తాళం వేసినట్టు భద్రపరిచే బిట్‌లాకర్‌ని పూర్తి స్థాయిలో వాడుకోవాలంటే ప్రో కావాలి. బస్సులో బ్యాగు పోతే పోయేది మన వస్తువు ఒక్కటే కాదు, ఎవరెవరివో ఖాతాలు కూడా. ఈ ప్రశ్నలు ముందే అడిగే పిల్ల మీద ఆఫీసులో మంచి అభిప్రాయం కూడా ఏర్పడుతుంది.

వారంటీలో, మనమే సెంటర్‌కి మోసుకెళ్లాలా, మెకానిక్ మన దగ్గరికి వస్తాడా అనేది రాతపూర్వకంగా చూసుకోండి. ఆన్‌సైట్ అని రాసి ఉన్నా మీ టంగుటూరు పిన్‌కోడ్‌కి వర్తిస్తుందో లేదో కంపెనీ కస్టమర్ కేర్‌లో అడగండి. వర్తించకపోతే ఒంగోలు ఆఫీసు అడ్రసుకి వస్తారా అని అడగండి. కొన్న రోజే మిషన్ కింద ఉన్న సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. షాపులో నెలల తరబడి నిల్వ ఉన్న మిషన్‌కి ఒక్కోసారి మీరు కొన్న తేదీ కాకుండా అంతకుముందు తేదీ నుంచి లెక్క మొదలైనట్టు కనిపిస్తుంది. అలా ఉంటే బిల్లు కాపీ పంపి తేదీ సరిచేయించుకోవచ్చు. ఆ పని మొదటి వారంలోనే ముగించండి.