కింద నేల కనపడని చోట డైవింగ్

ప్రశ్న: ఒడ్డు నుంచే దిగి పగడపు దిబ్బ గోడ వెంట స్కూబా డైవింగ్ చేయాలనుంది. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి స్థాయి అర్హత) ఉంది గానీ, కింద నేల కనపడదంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ టెన్షన్ ఉండటమే మంచిది. అడుగు కనపడకపోతే ఎంత లోతుకు జారామో ఒంటికి తెలీదు, గోడ మీది పగడాలు చూస్తూ చూస్తూనే మీ సర్టిఫికెట్‌కున్న 18 మీటర్ల లోతు హద్దు దాటేస్తారు, కాబట్టి డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే పరికరం) మీద ఓ కన్నేసి ఉంచండి. 30 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి 4 రెట్లు, గాలీ అంత వేగంగానే అయిపోతుంది. ఎక్కించుకోవడానికి పడవ ఉండదు కదా! వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురీదండి, మూడో వంతు గాలి వాడగానే వెనక్కి తిరగండి. పైకొచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి, దిబ్బ పైభాగంలో చేపలు చూస్తుంటే ఆ నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. అలలు విరుచుకుపడుతుంటే మాత్రం ఆ రోజు దిగనే దిగొద్దు.