స్టార్‌ని తెచ్చుకోవాలంటే ముందు అవతలివాడి జట్టు చదువు

చిరంజీవి వంశీకి,

బాబాయి దీవెనలు. నీ ఫాంటసీ బేస్‌బాల్ జట్టులోకి (అసలు మ్యాచ్‌ల్లో ఆటగాళ్లు సాధించే అంకెలే మన జట్లకి పాయింట్లయ్యే ఆట) జడ్జ్‌నో, బాబీ విట్‌నో, అలాంటి మేటి బ్యాటర్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవాలనుంది, బదులుగా ఎవరిని ఇవ్వమంటావని అడిగావు. ఎవరిని ఇవ్వాలన్నది తర్వాత చూద్దాం. ఎవరి దగ్గర కొనాలో ముందు తేల్చుకో. లీగ్ తిప్పేయగల ఆటగాళ్లు పదిహేను మంది దాకా ఉంటారు. ఫలానావాడే కావాలని పట్టుబడితే వాణ్ణి పెట్టుకున్న మేనేజర్ దయ మీద ఆధారపడాలి. ఆ స్థాయివాడు ఎవరైనా చాలనుకుంటే, అమ్ముకోక తప్పని స్థితిలో ఎవడున్నాడో వెతుక్కోవచ్చు.

మీది పన్నెండు జట్ల రోటిసరీ లీగ్ (ఒక్కో కేటగిరీలో జట్టుకొచ్చిన ర్యాంకుని బట్టి పాయింట్లు) అనుకునే రాస్తున్నాను. బ్యాటర్లకి రన్స్, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో చేయించిన రన్స్), స్టీల్స్ (పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు), యావరేజ్ (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వంతు). పిచర్లకి విన్స్, సేవ్స్ (ఆఖర్లో ఆధిక్యం కాపాడిన మ్యాచ్‌లు), స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన లెక్కలో పడ్డ రన్స్), విప్ (ఇన్నింగ్స్‌కి ఇచ్చిన హిట్లు, వాక్‌లు).

స్టాండింగ్స్‌లో మొత్తం పాయింట్లు పక్కనపెట్టు. ఒక్కో కేటగిరీ తెరిచి, పైవాడు నీకెంత దూరంలో ఉన్నాడో, కిందవాడు ఎంత దగ్గర్లో ఉన్నాడో కాగితం మీద రాసుకో. ఉదాహరణకి జులై మొదట్లో నీకు స్టీల్స్ 96, నీ కిందవాడికి 71, పైవాడికి 125 అనుకుందాం. పైవాణ్ణి ఎలాగూ అందుకోలేవు, కిందవాడు నిన్ను పట్టుకోలేడు. అంటే ఒక పదిహేను, ఇరవై స్టీల్స్ నీ దగ్గర ఊరికే పడున్నాయి. అదే హోమ్ రన్లలో నీకు 118, పైనున్న నలుగురికీ 120, 123, 124, 127 ఉన్నాయనుకో. మిగతావాళ్లంతా ఇప్పటి వేగంతోనే సాగితే, అదనంగా పది హోమ్ రన్లు నాలుగు పాయింట్లు తెచ్చిపెడతాయి. పరుగెత్తేవాణ్ణి ఇచ్చి బాదేవాణ్ణి తెచ్చుకుంటే నీకు నష్టం సున్నా, లాభం నాలుగు. ఆటగాళ్ల పేర్లు చూసి బేరం తూచేవాళ్లకి ఈ నాలుగు కనబడవు.

స్టీల్స్ విషయంలో ఒక మాట. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలయ్యాయి. పిచ్ క్లాక్ (బంతి వెయ్యడానికి గడువు) వచ్చింది. పిచర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి విసరడానికీ పరిమితి పడింది. ముందు ఏడాది 2,486 ఉన్న స్టీల్స్ ఒక్కసారిగా 3,503 అయ్యాయి. అయినా పాత కళ్లతోనే ముప్పై స్టీల్స్ చేసేవాడంటే అపురూపంగా చూసే మేనేజర్ ప్రతి లీగ్‌లోనూ ఒకడుంటాడు. నీ మిగులు స్టీల్స్ అమ్మాల్సింది అతనికే.

ఇప్పుడు ఆ కాగితం పనే అవతలి జట్లకీ చెయ్యి. పదకొండు జట్లూ చూడక్కర్లేదు, స్టార్లున్న నాలుగైదు చాలు. నువ్వు వెతకాల్సింది గుంత పడ్డ జట్టు: థర్డ్ బేస్‌మన్ అరవై రోజుల ఐఎల్‌కి (గాయపడ్డవాళ్ల జాబితాకి) వెళ్లినవాడు, క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసే పిచర్) పదవి ఊడి సేవ్స్ ఆగిపోయినవాడు, అవుట్‌ఫీల్డ్ మూడో చోట వారానికి రెండు మ్యాచ్‌లు ఆడేవాణ్ణి నెట్టుకొస్తున్నవాడు.

గుంత ఎందుకంటే, ఇద్దరిని ఇచ్చి ఒకరిని తెచ్చుకునే బేరంలో నీకు రోస్టర్‌లో ఒక చోటు ఖాళీ అవుతుంది, అవతలివాడు ఒకణ్ణి వదిలెయ్యాలి. మిగిలిన సీజన్‌కి స్టార్ 22 హోమ్ రన్లు కొడతాడనుకో. నువ్విచ్చే ఇద్దరూ 15, 14. వేవర్స్‌లో (ఏ జట్టూ తీసుకోని ఆటగాళ్లలో) దొరికేవాడు 9. నీకు ఇప్పుడు 29 వస్తున్నాయి, ట్రేడ్ తర్వాత 22కి 9 కలిపి 31. అతని జట్టులో అన్ని చోట్లా కనీసం 9 కొట్టేవాళ్లే ఉంటే లెక్క తిరగబడుతుంది. 31 వదులుకుని 29 తీసుకుంటాడు, ఎందుకు ఒప్పుకోవాలి? కానీ ఆ రెండో చోట ఉన్నవాడు 4 మాత్రమే కొట్టే రకమైతే అతనికి 26 పోయి 29 వస్తాయి. ఇద్దరికీ లాభం. వేవర్స్‌లో 9 కొట్టేవాణ్ణి తెచ్చుకుని ఆ గుంత పూడ్చుకోవచ్చని అతనికింకా తోచనంత వరకే ఈ అవకాశం. అందుకని గుంత పడ్డ వారంలోనే అడగాలి.

ఇచ్చే ఇద్దరిలో ఒకడు నిజంగా మంచివాడై ఉండాలి. నీ బెంచ్ మీద అరిగిపోయిన ముగ్గురిని కలిపి స్టార్‌ని ఇమ్మంటే, కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట ఇచ్చి గంప అడిగినట్టుంటుంది. అలాంటి ఆఫర్ ఒకటి పంపితే చాలు, ఆ తర్వాత నువ్వెంత మంచిది పంపినా అతను తెరిచి చూడడు.

ఎప్పుడు అడగాలన్నది ఇంకో సంగతి. స్టార్లు ఏప్రిల్‌లో తడబడటం మామూలే. 2024లో ఏప్రిల్ ముగిసేసరికి ఆరన్ జడ్జ్ యావరేజ్ .210 దగ్గరుంది. సీజన్ ముగిసేసరికి .322, 58 హోమ్ రన్లు, 144 ఆర్‌బీఐలు. అదే ఏడాది మెట్స్ బ్యాటర్ లిండోర్ మే మధ్యకి కూడా .200 అందుకోలేదు. తర్వాత లీడాఫ్‌కి (ఆర్డర్‌లో మొదటి చోటుకి) మారి 33 హోమ్ రన్లు, 29 స్టీల్స్‌తో ముగించాడు. ఆ వారాల్లో వాళ్లని పెట్టుకున్నవాళ్లు పట్టికలో అడుగునుంటే చేతులు వణుకుతుంటాయి.

అయితే తడబాటుకీ పతనానికీ తేడా పట్టుకోవాలి. యావరేజ్ చూసి ఏమీ తేలదు, అది నిలకడకి రావడానికి సీజన్ మొత్తం కూడా చాలదు. బేస్‌బాల్ సావంత్ అనే గణాంకాల సైట్‌లో అతని పేజీ తెరువు. బంతి బ్యాట్‌ని వదిలే వేగం నిరుటిలాగే ఉందా? స్ట్రైకౌట్ శాతం పెరిగిందా? పరుగు వేగం తగ్గిందా? ఈ మూడూ బాగుండి, హోమ్ రన్లు పోను మైదానంలో పడ్డ బంతుల సగటు .220 దగ్గరుంటే (లీగ్ మొత్తానికి అది .300కి కాస్త అటూఇటూ ఉంటుంది) నిశ్చింతగా కొను. స్ట్రైకౌట్లు పెరిగి, వేగమూ పడిపోతే ఎక్కడో నొప్పి దాస్తున్నాడని అనుమానించి వదిలెయ్. కొత్తగా బ్యాటింగ్ ఆర్డర్‌లో ఎక్కడ దింపుతున్నారో కూడా చూడు. రెండో స్థానం నుంచి ఆరుకి జారినవాడికి రన్స్ తగ్గుతాయి, నెలకి పదికిపైగా ప్లేట్ అప్పియరెన్సులూ (బ్యాటింగ్‌కి దిగే అవకాశాలు) తగ్గుతాయి.

గాయం నుంచి తిరిగొచ్చే స్టార్‌ని పేరు చూసి కొనకు. బ్రేవ్స్ బ్యాటర్ అకూన్యా 2021లో మోకాలి లిగమెంట్ తెగే ముందు 82 మ్యాచ్‌ల్లో 24 హోమ్ రన్లు కొట్టాడు. మరుసటేడు 119 మ్యాచ్‌ల్లో 15. స్టీల్స్ 29 చేశాడు గానీ దెబ్బలో బలం రాలేదు. ఆ బలం 2023లో వచ్చింది: 41 హోమ్ రన్లు, 73 స్టీల్స్. 2024 మేలో రెండో మోకాలు పోయింది. తిరిగొచ్చిన మొదటి ఏడాదికి పూర్తి ధర ఇవ్వొద్దు, అంతే.

పిచర్ కోసం నీ మేటి బ్యాటర్‌ని ఇవ్వకు. స్ట్రైడర్ 2023లో 20 విన్స్, 281 స్ట్రైకౌట్లు. 2024లో రెండే మ్యాచ్‌లు వేసి మోచేతి ఆపరేషన్‌కి వెళ్లాడు. పైగా జులై దాటాక ఈఆర్ఏ, విప్ పెద్దగా కదలవు, అప్పటికే వేసిన ఇన్నింగ్స్ బరువు అంత ఉంటుంది. యావరేజ్ కూడా అంతే. పద్నాలుగు మంది బ్యాటర్ల జట్టు సీజన్‌కి సుమారు 7,000 ఎట్-బ్యాట్స్ (వాక్‌ల లాంటివి పోను బ్యాటింగ్ అవకాశాలు) ఆడుతుంది. .260 కొట్టేవాడి చోట .330 కొట్టేవాణ్ణి పెట్టి 250 ఎట్-బ్యాట్స్ ఆడిస్తే అదనంగా వచ్చేవి పదిహేడు, పద్దెనిమిది హిట్లు. జట్టు యావరేజ్ .265 నుంచి .2675కి పెరుగుతుంది. పాయింట్ల మధ్య సందు సన్నగా ఉంటేనే అది పనికొస్తుంది.

మెసేజ్ ఎలా రాయాలో కూడా చెబుతాను, చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. ముందే ఆఫర్ నొక్కకు. "మీ థర్డ్ బేస్ ఖాళీ అయినట్టుంది. నా దగ్గర ఒకరు అదనంగా ఉన్నారు. బ్యాటర్లలో ఎవరి గురించైనా మాట్లాడతారా?" అని రెండు ముక్కలు రాయి. స్టార్ పేరు అతని నోటినుంచి రానివ్వు. రాకపోతే రెండో మెసేజ్‌లో నువ్వే తీసుకురా. అతని ఆటగాణ్ణి తక్కువ చేసి మాట్లాడకు, "వాడి పని అయిపోయింది" అంటే మరి నీకెందుకురా అంటాడు. మొదటి ఆఫర్ నీ చివరి మాట కంటే ఒక్క మెట్టే కింద ఉండాలి. రిలీవరో, ఐదో పిచరో పైన వేసి ముగించడానికి కొంచెం చోటు ఉంచుకో. ఒప్పుకోనంటే ఏం తక్కువైందని అడుగు, వారం ఆగు.

బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే ఒహ్తానీ విషయంలో జాగ్రత్త. కొన్ని లీగ్‌లలో బ్యాటర్ ఒహ్తానీ వేరు, పిచర్ ఒహ్తానీ వేరు, ఇద్దరిగా లెక్క. యాక్సెప్ట్ నొక్కేముందు ఏ సగం వస్తోందో చూసుకో. ట్రేడ్‌ని అడ్డుకునే వీటో ఓటింగ్‌తో జరుగుతుందా, లీగ్ నడిపే కమిషనర్ ఒక్కడే చూస్తాడా అన్నది నిబంధనల్లో చదువు. ఓటింగ్ అయితే నువ్వు మొదటి స్థానంలో ఉన్నప్పుడు ఎంత న్యాయమైన బేరానికైనా అడ్డుపడేవాళ్లుంటారు, కాబట్టి నాలుగో స్థానంలో ఉండగానే ముగించు. రివ్యూ రెండు రోజులు పడితే డెడ్‌లైన్‌కి మూడు రోజుల ముందే ఒప్పందం అయిపోవాలి.

ఒకవేళ మీది హెడ్ టు హెడ్ (వారానికో జట్టుతో ముఖాముఖి పోటీ) అయితే సెప్టెంబర్ ప్లేఆఫ్ వారాల్లో స్టార్ జట్టుకి ఎన్ని మ్యాచ్‌లున్నాయో లెక్కపెట్టు. ఐదు మ్యాచ్‌ల వారానికీ ఏడు మ్యాచ్‌ల వారానికీ చాలా తేడా. అప్పటికే డివిజన్ గెలిచేసిన జట్లు తమ పెద్దవాళ్లని కూర్చోబెట్టి విశ్రాంతినిస్తాయి, అది కూడా చూసుకో.

పంపిన ఆఫర్‌ని అలా వదిలేసి నిద్రపోకు. రాత్రి మ్యాచ్‌లో అతని స్టార్ తొడ పట్టుకుని బయటికి నడిస్తే, అతను చేసే మొదటి పని నీ ఆఫర్‌కి యాక్సెప్ట్ నొక్కడం. గడువు పెట్టే వీలుంటే ఒక్క రోజే పెట్టు. లేకపోతే సాయంత్రం మొదటి పిచ్ పడేలోపు వెనక్కి తీసుకుని, మర్నాడు పొద్దున ఐఎల్ వార్తలు చూశాక మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయి