రంగం వెళ్ళిన ముత్తాత, ఏటా చెప్పులు దానమిచ్చే అమ్మమ్మ

అమ్మా, నీ ఉత్తరం నిన్న రాత్రి చదివి మళ్ళీ పొద్దున్నే ఇంకోసారి చదివాను. మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి చెప్పేస్తాను.

ఈ అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా గార వైపు పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. వాళ్ళ అమ్మమ్మకి 85 ఏళ్ళు. ఆవిడ ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కళింగపట్నంలో స్టీమర్ ఎక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళాడు, 1942లో జపాన్ బాంబులకి అందరితో పాటు నడిచొస్తూ అరకాన్ కొండల్లో పోయాడు, నడుముకి కట్టుకున్న బంగారం పక్కవాడి చేతిలో పెట్టి నా కూతురికివ్వమన్నాడు, ఇదీ ఆ ఇంట్లో చెప్పుకునే కథ. ఏ కబురూ లేకుండా 12 ఏళ్ళు గడిచాక 1954లో దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, తాతమ్మకి బొట్టు తీసేశారు. అమ్మమ్మ ఇప్పటికీ మహాలయ అమావాస్యకి స్వయంపాకం ఇచ్చేటప్పుడు బియ్యం, కందిపప్పు, గుమ్మడిముక్క పక్కన ఒక కొత్త చెప్పుల జత పెడుతుందట, "ఉత్తికాళ్ళతో నడిచి నడిచి పోనాడు మా అయ్య" అని.

ఈ అమ్మాయి వంశవృక్షం రాద్దామని ఆన్‌లైన్‌లో ఇంటిపేరు, ఊరిపేరు పెట్టి అడిగితే విశాఖ నుంచి ఒక కుర్రాడు పలికాడు. మా తాతదీ ఆ ఊరే, ఆ ఇంటిపేరే, 1965లో బర్మా నుంచి ఓడలో వచ్చాడు, 1978లో ఇక్కడే పోయాడు అని. ఫొటో పంపాడు. ఆ తాతకి అక్కడ ఇంకో భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్ళలో ఆఖరి కూతురికి ఇప్పుడు 74, "అప్పని (అక్కని) ఒక్కసారి చూపించండి" అంటోందట. ఇటు అమ్మేమో ముసలిదాని గుండె ఆగిపోద్ది నోరు మూసుకో అంటోంది, మావయ్యేమో పొలంలో వాటా కోసమే వస్తున్నారు అంటున్నాడు. చెప్పాలా, దాచాలా అని నీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను. నువ్వు చెప్పొద్దు, దాచొద్దు. అమ్మమ్మని అడుగు. ఎలా అడగాలో కిందకి చెప్తాను గానీ అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది.

ఇంటిపేరు, ఊరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడే అయిపోడు. మన పల్లెల్లో వీధంతా ఒకే ఇంటిపేరు, తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ, కాబట్టి అదే పేరుతో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళల్లో ఇద్దరు రంగం వెళ్ళి ఉండొచ్చు కూడా. తండ్రి పేరేంటో కనుక్కో. బర్మాలో ఉన్న విదేశీయులకి అక్కడి ప్రభుత్వం ఫొటో అంటించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చేది, తిరిగొచ్చినప్పుడు ఇక్కడ పునరావాసం కాగితాలుంటాయి, వాళ్ళ పెట్టెలో అలాంటిది ఏదైనా ఉందేమో చూడమను. మీ వైపు కూడా చూడు. మన దగ్గర చాలా ఊళ్ళు జమీందారీ ఎస్టేటు గ్రామాలు, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే చేసి ఫెయిర్ అడంగల్ అని ఏ పొలం ఎవరిదో చెప్పే రికార్డు రాశారు, అందులో మీ పొలం ఎవరి పేరున ఎక్కిందో, ముత్తాత పేరా లేక తాతమ్మ పేరా, ఆ కాపీ తీసుకో. ఇది మావయ్య భయానికి కూడా పనికొస్తుంది.

ఇంక నీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట ఒకటి, "మా ఇంట్లో 80 ఏళ్ళుగా అబద్ధం చెప్తూ వచ్చారు" అన్నావు చూడు, అది. అబద్ధం కాదమ్మా. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చికి ఊరే జపాన్ చేతికి పోయింది, సుమారు 5 లక్షల మంది మనవాళ్ళు ఇటు పారిపోయి వచ్చారు, ఎక్కువమంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచే వచ్చారు, కలరాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో. టపా ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడ్డాయంటే ఇక్కడ జనం ఎంత బెదిరిపోయి ఉంటారో చూడు. అలాంటప్పుడు చిక్కి శల్యమై ఊరు చేరిన వాడెవడో "మీవాడు నాతోనే బయల్దేరాడు, కొండ దగ్గర తప్పిపోయాడు" అని ఉంటాడు. ఆ ఒక్క మాట చుట్టూ ఆ ఇంటి ఆడవాళ్ళు మిగతాది అల్లుకున్నారు. బంగారం మాట ఎందుకొచ్చిందనుకున్నావ్? నాన్న చివరి నిమిషంలో కూడా నిన్నే తలుచుకున్నాడు అని ఒక తల్లి తన పిల్లకి చెప్పుకోవాలి కదా, ఏమీ లేని పిల్లకి అది ఆస్తి.

మరి ఆయన 1965లో పూట ప్రయాణం దూరంలో ఉండి కూడా ఊరికెందుకు రాలేదు? నీకు కోపం వచ్చింది, న్యాయమే, తాతమ్మని తలుచుకుంటే నాకూ వచ్చింది, భర్త బతికుండగానే బొట్టు తీయించుకుంది ఆవిడ. కానీ తీర్పు మాత్రం ఇప్పుడే చెప్పకు. 1964లో అక్కడి మిలిటరీ ప్రభుత్వం కొట్లూ వ్యాపారాలూ లాగేసుకుంటే మనవాళ్ళు ఒట్టి చేతులతో ఓడ దిగారు, ఒంటిమీద బంగారం కూడా రానివ్వలేదని వచ్చినవాళ్ళు చెప్తారు. ఆ స్థితిలో భార్యాపిల్లలతో దిగిన మనిషికి, ఊళ్ళో నీకు కర్మ చేసేశారని తెలిసిందనుకో, కర్మ అయిపోయిన మనిషి గడప తొక్కితే అరిష్టం అనుకునే రోజులవి. సిగ్గో, భయమో, స్వార్థమో ఆయనతోనే పోయింది. ఆ రెండో ఆవిడని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనకుండా చూడు. మన మద్రాసు రాష్ట్రంలో రెండో పెళ్ళి కుదరదని చట్టం వచ్చింది 1949లో, వీళ్ళ పెళ్ళి 1944లో అయిందని నువ్వే రాశావు.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. ఆవిడకి ఏమీ తెలీదని మీరంతా ఎలా నిశ్చయించేసుకున్నారు? బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడిన విశాఖ బర్మా క్యాంపు వాళ్ళకి, మన పల్లెలకి చుట్టరికాలు, పెళ్ళి సంబంధాలు, రాకపోకలు ఎప్పుడూ ఉన్నవే. తాతమ్మ చెవిన పడి ఉండొచ్చు, కూతురికి చెప్పి ఉండొచ్చు, ఇద్దరూ కలిసి ఆ చెప్పుల కథే ఉంచుకుందామనుకుని ఉండొచ్చు. చెప్పనివన్నీ తెలియనివి అనుకోకు, ఆ తరం ఆడవాళ్ళు కడుపులో పెట్టుకున్నవి మనకి సగం కూడా అందవు.

అందుకే ముందు అమ్మతో కూర్చో, నీకు అమ్మమ్మ కాకముందే ఆవిడ మీ అమ్మకి తల్లి. ఫోన్‌లో వద్దు, ఊరెళ్ళు. పండగ రోజూ పెళ్ళిరోజూ కాకుండా మామూలు రోజు చూసుకుని, పొద్దున్న టిఫిన్ తిని బీపీ మాత్ర వేసుకున్నాక, అమ్మ పక్కన ఉండగా, అమ్మమ్మ చిక్కుళ్ళు ఒలుస్తుంటే నువ్వూ నాలుగు చేతిలోకి తీసుకుని "మీ అయ్య గురించి చెప్పవా" అను. ఎప్పుడూ చెప్పే కథే చెప్తుంది, మధ్యలో అడ్డం పడకు. అయ్యాక, "తర్వాత ఏమైనా కబురు వచ్చిందా అమ్మమ్మా, వచ్చుంటే నీకు తెలుసుకోవాలని ఉండేదా" అని అడుగు. "ఇప్పుడెందుకే అదంతా" అందంటే అక్కడితో ఆపెయ్, మళ్ళీ రెండో రోజు గుచ్చి అడగొద్దు. "నీకేటైనా తెలిసిందా?" అని ఎదురడిగిందంటే మాత్రం అబద్ధం ఆడకు, చెల్లెలు ఉంది, నిన్ను చూడాలంటోంది, అక్కడ మొదలుపెట్టు. ఫొటో ఆవిడ అడిగితేనే తియ్యి.

మావయ్యని లోభి అనుకోవద్దు, ఆ పొలం ఆయన దున్ని నిలబెట్టింది. అడంగల్ కాపీ పట్టుకుని ఇద్దరూ కలిసి శ్రీకాకుళంలో సివిల్ కేసులు చూసే లాయర్‌ని కలవండి, ఎవరికి ఎంత హక్కో ఆయన చెప్తాడు. ఆ మాట తేలేదాకా ఏ కాగితం మీదా అమ్మమ్మ వేలిముద్ర పడనివ్వొద్దు, మావయ్య అడిగినా సరే. చుట్టరికం మాట వేరు, పొలం మాట వేరు, రెండూ ఒక రోజు కూర్చుని మాట్లాడొద్దు.

విశాఖ వాళ్ళ మెసేజ్‌కి మూడు వారాలుగా జవాబివ్వలేదన్నావు, అది ఈరోజే ఇవ్వు. "మా అమ్మమ్మ పెద్దావిడ, మెల్లగా అడుగుతున్నాం, కొంచెం టైమివ్వండి, చిన్నమ్మమ్మ ఆరోగ్యం జాగ్రత్త" అను చాలు. 74 ఏళ్ళ మనిషి ఫోన్ వైపు చూసుకుంటూ కూర్చుని ఉంటుంది. మా నాన్నకి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు అనుకుంటూ పెరిగి, ఒక అప్ప ఉందని ఇప్పుడు తెలుసుకుందట, ఆవిడ ఇంటి కథా విరిగింది కదమ్మా. వంశవృక్షం మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపు, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకో, అమ్మమ్మ ఒప్పుకున్నాక ఇంకు పెట్టుకోవచ్చు.

ఇంకొక్కటి. అన్నీ తెలిశాక కూడా ఈసారి మహాలయ అమావాస్యకి అమ్మమ్మ చెప్పులు కొనమంటే, ఎందుకు అని అడక్కు. ఎప్పుడూ కొనే కొట్లోనే, ఎప్పుడూ తెచ్చే సైజే తీసుకొచ్చి ఇవ్వు.