ఇంట్లో మగ్గం వర్క్ చేస్తున్నాను. ఆర్డర్లు పెరగాలంటే వెబ్‌సైట్ చేయించాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి, గుంటూరులో ఇంటి దగ్గరే మగ్గం బ్లౌజులు చేస్తున్నారు, ఇన్‌స్టా పేజీ ఉంది, అయినా తెలిసినవాళ్లే వస్తున్నారు. వెబ్‌సైట్ ఇప్పుడే వద్దండి. పెళ్లి దగ్గరపడినవాళ్లు ఫోన్ తీసి ‘మగ్గం వర్క్ నియర్ మీ’ అని కొడతారు. ముందు కనపడేది మ్యాప్. అందులో ఉండాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కావాలి. అది ఉచితం. ‘డబ్బు కట్టండి, మిమ్మల్ని పైన పెడతాం’ అని ఫోన్ చేసేవాళ్లకు ఆ శక్తి లేదు.

మీ సొంత జీమెయిల్‌తోనే తెరవండి. మేనల్లుడి ఐడీతో తెరిస్తే, వాడు ఉద్యోగానికి ఊరు దాటాక పాస్‌వర్డ్ కోసం వెంటపడాలి. వాడు మేనేజర్‌గా ఉంటే చాలు, ఓనర్ మీరు. పేరు గడిలో మీరు పెట్టుకున్న పేరే రాయండి. పక్కన ‘బెస్ట్ బ్రైడల్ బ్లౌజెస్ గుంటూరు’ అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. ఆ మాటలకు వేరే చోటుంది: 750 అక్షరాల డిస్క్రిప్షన్. ఇంటికి బోర్డు లేకుండా, మీరే వెళ్లి కొలతలు తీసుకుని బ్లౌజు ఇచ్చివస్తుంటే, అడ్రస్ దాచి సర్వీస్ ఏరియాలు పెట్టండి. 20 దాకా ఇవ్వొచ్చు: బ్రాడీపేట, కొరిటెపాడు, మంగళగిరి, తెనాలి, ఇలా.

వెరిఫికేషన్‌కు, అంటే మీ వ్యాపారం నిజంగా ఉందని తేల్చుకోడానికి, చాలామందిని గూగుల్ వీడియో అడుగుతోంది. ఇక్కడ ఆగిపోవడానికి ఒక కారణం: నేరుగా గదిలో మొదలుపెట్టడం. వీధి పేరున్న బోర్డు దగ్గర మొదలుపెట్టి, పక్క దుకాణం చూపించి, నడుస్తూ మీ గుమ్మం దాకా రండి. లోపల బట్ట బిగించి ఉన్న మగ్గం, ఆరీ సూది, జరీ కండెలు, పూసల డబ్బాలు. చివర్లో మీ పేరున్న ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. అది లేకపోతే ప్రభుత్వ సైట్లో ఆధార్, పాన్‌లతో ఉచితంగా వస్తుంది, ఏజెంటు అక్కర్లేదు. వీడియో కనీసం 30 సెకన్లు ఉండాలి, మధ్యలో ఆపకూడదు. గ్యాలరీలోది ఎక్కించనివ్వదు, అప్పటికప్పుడు తీయాల్సిందే. ఎవరి ముఖమూ, ఆధార్ నంబరూ పడనివ్వకండి.

ఇక ఫోటోలు, అసలు బేరం కుదిర్చేవి ఇవే. ట్యూబ్‌లైటు కింద జరీ తెల్లగా మెరిసిపోయి పనితనం కనపడదు. పొద్దున కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట పరచండి. స్క్రీన్ మీద జరీ దగ్గర వేలితో తాకి, వెలుతురు కాస్త కిందికి లాగండి. ఒక్కో బ్లౌజుకు నాలుగు చాలు: వెనక మెడ, చెయ్యి అంచు, పూసల దగ్గరి ఫోటో, ఇంకొకటి లోపలి వైపు. ఈ నాలుగోది ఎవరూ పెట్టరు, కానీ ముడులు శుభ్రంగా ఉన్నాయా అని పని తెలిసినవాళ్లు చూసేది అదే. పిన్‌టరెస్ట్ ఫోటోలు మాత్రం వద్దు. అదే డిజైన్ పట్టుకొచ్చి ‘ఇలాగే కావాలి’ అంటే ఇరుక్కుపోతారు.

రివ్యూ అడగాల్సింది బ్లౌజు తొడుక్కుని చూసుకున్న రోజే. మర్నాడైతే మర్చిపోతారు. ప్రొఫైల్‌లో రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ ఉంటాయి, కవరు మీద అంటించండి. రివ్యూకి డిస్కౌంటు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. ఇంట్లోవాళ్లతో రాయించినవీ అంతే, తీసేస్తారు. ఎవరైనా తిట్టి రాస్తే వాదించకండి. ‘చంక దగ్గర బిగుతైందన్నారు, తెస్తే సరిచేసిస్తాను’ అని రెండు ముక్కలు రాయండి. కొత్తవాళ్లు చదివేది మీ జవాబునే.

ఫోన్లకు వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఒకే నంబరు రెండు వాట్సాప్‌లలో నడవదు కాబట్టి మారే ముందు చాట్ బ్యాకప్ తీసుకోండి. గ్రీటింగ్ మెసేజ్‌లో మూడే అడగండి: ఏ తేదీకి కావాలి, ఆది బ్లౌజు ఉందా, డిజైన్ ఫోటో ఉందా. శ్రావణంలో దీంతోనే చాలా ఫోన్లు తగ్గుతాయి.

ఇన్‌స్టాలో యూజర్‌నేమ్ కాదు, పైన ఉండే నేమ్ గడిలో ‘మగ్గం వర్క్ గుంటూరు’ అని చేర్చండి, వెతికితే అది తగులుతుంది. 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది, చూసుకుని రాయండి.

గూగుల్ ప్రొఫైల్ నుంచే ఫ్రీ వెబ్‌సైట్ వస్తుందని పాత వీడియోల్లో చెబుతారు, దాన్ని గూగుల్ 2024 మార్చిలో ఎత్తేసింది. వెబ్‌సైట్ గడి ఖాళీగా వదిలేసి, సోషల్ ప్రొఫైల్స్ దగ్గర మీ ఇన్‌స్టా లింకు ఇవ్వండి.