టెక్ సందేహాలు: టీవీ చూస్తూ చదవడం వస్తుందా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. మాటల్లో చురుకే కానీ చదవమంటే కూడబలుక్కుంటాడు, సగం ఊహించి చెప్పేస్తాడు. ఇంట్లో ఆండ్రాయిడ్ టీవీ ఉంది. ఇంటరాక్టివ్ కార్యక్రమాలు పెడితే మేలు జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. కానీ ‘ఇంటరాక్టివ్’ అన్న ముద్ర చూసి మోసపోకండి. చాలా పిల్లల కార్యక్రమాల్లో పాత్ర ఓ ప్రశ్న అడిగి, కాసేపు ఆగి, ‘భలే చెప్పావ్!’ అంటుంది. బాబు తప్పు చెప్పినా, అసలు నోరు విప్పకపోయినా అదే మెచ్చుకోలు. ఆ లోటు తీర్చాల్సింది రిమోట్ పట్టుకున్న మీరే.

ముందు సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి. మాట తెలుగైతే అక్షరాలూ తెలుగే ఉండాలి. తెర మీద అక్షరం కనబడితే కన్ను దానంతటదే అటు వెళ్తుంది. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టిన ‘పాట ఏ భాషలో ఉంటే సబ్‌టైటిల్ అదే భాషలో’ అన్న ప్రయత్నానికి ఆధారం ఇదే. పాటలతోనే మొదలుపెట్టండి. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, మాట ముందే నోటికొచ్చి ఉంటుంది, కాబట్టి దాన్ని అక్షరంతో జతచేయడం తేలిక.

తెలుగుకు పెద్ద తెరతో ఇంకో లాభం ఉంది. తడబడే పిల్లలు ‘పుస్తకం’ను ‘పుసకం’ అని చదవడం తరచూ చూస్తాం. ‘స’ కింది తవత్తు ఫోన్‌లో చీమంత, టీవీలో స్పష్టంగా కనబడుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో క్యాప్షన్స్ తెరిచి అక్షరాల సైజు పెంచండి, వెనక నల్లరంగు పెట్టండి. కొన్ని యాప్‌లు ఈ సెట్టింగ్‌ను పట్టించుకోవు, వాటిలో విడిగా మార్చుకోవాలి. ఒత్తులు విడిపోయి పక్కపక్కన కనిపిస్తుంటే మాత్రం ఆ వీడియో వద్దు. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే క్యాప్షన్లూ వద్దు. వాటిలో తప్పులుంటాయి, చదవడం రాని పిల్లాడికి తప్పు తనదో టీవీదో తెలియదు.

వీడియో వేగం 0.75కి తగ్గించండి. వాక్యం పడగానే పాజ్ నొక్కి బాబుతో చదివించండి, ఆ తర్వాత కాస్త వెనక్కి జరిపి టీవీతో చెప్పించండి. ఈ క్రమం తిరగబడితే అతను విన్నది అప్పజెబుతాడే తప్ప చదవడు. పది నిమిషాలు చాలు.

పైకి చదివితే విని తప్పులు చూపే యాప్‌ను ఫోన్ నుంచి టీవీకి మిర్రర్ చేస్తుంటే, ఫోన్ బాబు దగ్గరే ఉండాలి. వినేది ఫోన్ మైకే.

ప్రశ్న: మా అమ్మాయికి డిస్‌లెక్సియా ఉందేమోనని టీచర్ అన్నారు. ప్రత్యేక ఫాంట్, అక్షరాల మీద పరిచే రంగు తెర పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. డిస్‌లెక్సియా ప్రధానంగా మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో కలపడంలో వచ్చే ఇబ్బంది. తెలివి తక్కువై రాదు. రంగు తెరలు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ప్రత్యేక ఫాంట్లదీ దాదాపు అంతే. అక్షరాల మధ్య ఎడం పెంచితే కొందరికి చదవడం సులువవుతుంది. చూపు, వినికిడి పరీక్షలు చేయించి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు చూపించండి. అక్షరం, శబ్దం క్రమపద్ధతిలో నేర్పే బోధనే అసలు ఉపాయం, టీవీ దానికి తోడు మాత్రమే. ఈలోగా పైన చెప్పినట్టు చదివిస్తూ, ఏ ఒత్తు వదిలేస్తోందో, ఏ అక్షరం దగ్గర ఆగుతోందో రాసిపెట్టండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.